జడ్జి నడుముకు తుపాకీ: అమెరికా కోర్టులను వదలని చర్చ

క్లుప్తంగా: జడ్జిలు, ప్రాసిక్యూటర్లు, కోర్టు క్లర్కులు ఆత్మరక్షణ కోసం బయటికి కనబడకుండా తుపాకీ పెట్టుకోవచ్చా? అమెరికాలో ఈ ప్రశ్నకు రాష్ట్రానికో జవాబు ఉంది. కోర్టు అధికారులపై జరిగిన పెద్ద దాడుల్లో చాలావరకు ఇంటి గుమ్మంలోనో, కారు దగ్గరో, ఊహించని క్షణంలో జరిగినవే. అలాంటిచోట సొంత తుపాకీ వల్ల ఒరిగేది తక్కువ. అయినా చట్టసభలు ఈ అనుమతివైపే మొగ్గుతుంటాయి. దానికి ప్రధాన కారణం ఖర్చు.

రెండు ఊళ్లు, రెండు ఫలితాలు

2017 ఆగస్టు 21. ఒహాయో రాష్ట్రంలో స్ట్యూబెన్‌విల్ అనే చిన్న పట్టణం. జెఫర్సన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) జడ్జి జోసెఫ్ బ్రుజ్జీస్ ఉదయం ఎనిమిది గంటల వేళ కోర్టు పక్క సందులోంచి నడిచి వస్తున్నారు. అప్పటికే కారులో కాచుకుని ఉన్న ఒక కక్షిదారు పరుగున వచ్చి కాల్పులు మొదలుపెట్టాడు. జడ్జి గాయపడ్డారు. అయినా తన దగ్గరున్న పిస్టల్ తీసి ఎదురు కాల్చారు. అదే సమయానికి అటుగా వస్తున్న ఒక ప్రొబేషన్ అధికారి కూడా కాల్చడంతో దాడి చేసినవాడు అక్కడికక్కడే చనిపోయాడు. జడ్జి బతికి బయటపడ్డారు. తుపాకీ దగ్గర ఉంచుకోమని ఆయనకు ముందే సలహా ఇచ్చింది ఆ కౌంటీ పోలీసు అధిపతి అయిన షెరీఫే.

అంతకు నాలుగేళ్ల ముందు, 2013 జనవరి 31న, టెక్సస్‌లోని కాఫ్‌మన్ కౌంటీలో అసిస్టెంట్ డిస్ట్రిక్ట్ అటార్నీ (ప్రభుత్వ ప్రాసిక్యూటర్) మార్క్ హాస్ కారు దిగి కోర్టుకు నడుస్తుండగా హత్యకు గురయ్యారు. ఆయన రోజూ తుపాకీ వెంట ఉంచుకునేవారని తెలిసినవాళ్లు చెప్పారు. ఆయన పై అధికారి, డిస్ట్రిక్ట్ అటార్నీ మైక్ మెక్‌లెలాండ్ మాజీ సైనికుడు. ఈ హత్య తర్వాత ఎక్కడికి వెళ్లినా, చివరికి కుక్కను తిప్పడానికి వెళ్లినా తుపాకీ వదలడం లేదని ఆయన విలేకరులతో అన్నారు. మార్చి 30న ఆయననూ ఆయన భార్యనూ ఇంట్లోనే కాల్చి చంపారు. దోషిగా తేలింది ఏ మాదకద్రవ్యాల ముఠా కాదు. అదే కౌంటీలో చిన్న కేసులు విచారించే జస్టిస్ ఆఫ్ ది పీస్‌గా పనిచేసి, ప్రభుత్వ కంప్యూటర్ మానిటర్ల చోరీ కేసులో ఆ ఇద్దరి ప్రాసిక్యూషన్ వల్లే పదవి పోగొట్టుకున్న మాజీ జడ్జి.

కోర్టు అధికారులకు తుపాకీ ఉండాలనేవాళ్లు స్ట్యూబెన్‌విల్‌ను చూపిస్తారు. వద్దనేవాళ్లు కాఫ్‌మన్‌ను చూపిస్తారు. నిజానికి రెండు ఘటనల మధ్య తేడా తుపాకీలో లేదు. మొదటి దాడి పట్టపగలు, బహిరంగంగా, ఇంకో సాయుధుడు చేరువలో ఉండగా జరిగింది. జడ్జికి ఎదురు కాల్చడానికి ఒకటి రెండు క్షణాలు దొరికాయి. రెండోచోట ఆ క్షణాలే దొరకలేదు.

అనుమతి అంటే ఒకటి కాదు, మూడు

ఈ విషయంపై వచ్చే వార్తలు పాఠకులను తికమకపెట్టడానికి కారణం, మూడు వేర్వేరు ప్రశ్నలను ఒకే మాటలో కలిపేయడం.

మొదటిది లైసెన్సు. దుస్తుల మాటున తుపాకీ పెట్టుకుని వీధిలో తిరిగే హక్కు జడ్జికి ఉందా? దీనికి జవాబు 2022 జూన్ 23తో దాదాపు తేలిపోయింది. ఆ రోజు అమెరికా సుప్రీంకోర్టు 'బ్రూయెన్' కేసులో 6-3 మెజారిటీతో, ప్రత్యేక కారణం చూపిస్తేనే లైసెన్సు ఇస్తామనే న్యూయార్క్ నిబంధన చెల్లదని తీర్పు ఇచ్చింది. సామాన్యుడికే ఆ హక్కు వచ్చాక జడ్జికి వేరుగా ఇవ్వాల్సింది పెద్దగా మిగల్లేదు. సగానికి పైగా రాష్ట్రాల్లో ఇప్పుడు అసలు లైసెన్సే అక్కర్లేదు.

రెండోది స్థలం. తుపాకీతో కోర్టు భవనంలోకి రావచ్చా? అసలు గొడవ ఇక్కడే ఉంది. తుపాకీ హక్కును అంత విస్తరించిన బ్రూయెన్ తీర్పు కూడా చట్టసభలు, పోలింగ్ కేంద్రాలతో పాటు కోర్టు భవనాలను ఆయుధాలు నిషేధించదగిన 'సున్నిత ప్రదేశాల' కింద పేర్కొంది. ఫెడరల్ (కేంద్ర) కోర్టు ప్రాంగణంలోకి తుపాకీ తెస్తే రెండేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. విధి నిర్వహణలో ఉన్న పోలీసు అధికారులకు మినహాయింపు ఉన్నా, తన భవనంలో ఆయుధాలపై సొంత నిబంధనలు పెట్టుకునే అధికారం ఆ కోర్టుకే ఉంది.

మూడోది సరిహద్దు. ఒక రాష్ట్రం ఇచ్చిన అనుమతి పక్క రాష్ట్రంలో చెల్లుతుందా? పోలీసులకైతే 2004లో జార్జ్ డబ్ల్యూ. బుష్ సంతకం చేసిన చట్టం వల్ల చెల్లుతుంది. సర్వీసులో ఉన్నవాళ్లు, రిటైరైనవాళ్లు నిర్ణీత అర్హతలుంటే దేశమంతా తుపాకీతో తిరగవచ్చు. ఆ చట్టంలో 'అధికారి' నిర్వచనం నేరాల విచారణ, ప్రాసిక్యూషన్ పనులను ప్రస్తావిస్తూనే అరెస్టు చేసే అధికారం కూడా ఉండాలంటుంది. జడ్జిలు, చాలామంది ప్రాసిక్యూటర్లు ఆ ఒక్క షరతు దగ్గరే ఆగిపోతారు. వాళ్లనూ ఆ జాబితాలో చేర్చాలన్న ప్రతిపాదనలు వాషింగ్టన్‌లో పలుమార్లు వచ్చాయి. ఒకవేళ చేర్చినా కోర్టు తలుపు తెరుచుకోదు. రాష్ట్ర ప్రభుత్వ భవనాల్లో ఆయుధాలను నిషేధించే రాష్ట్ర చట్టాలను ఆ ఫెడరల్ చట్టం ముట్టుకోలేదు.

కాబట్టి 'జడ్జిలకు తుపాకీ అనుమతి' అనే శీర్షిక కనబడితే ముందు చూడాల్సింది అది ఈ మూడింటిలో దేని గురించి అన్నది.

రాష్ట్రానికో తీరు

ఫ్లోరిడాలో జడ్జిలు మామూలు దరఖాస్తు తతంగం లేకుండానే లైసెన్సు పొందవచ్చు. తుపాకీ వాడటం వచ్చని మాత్రం నిరూపించుకోవాలి. కోర్టు గదిలో జడ్జి తుపాకీ పెట్టుకోవడానికి అక్కడి చట్టం అడ్డు చెప్పదు. ఆ గదిలో ఇంకెవరి దగ్గర తుపాకీ ఉండాలో తేల్చే అధికారాన్నీ జడ్జికే వదిలేసింది.

టెక్సస్‌ది విచిత్రమైన పరిస్థితి. 2021 సెప్టెంబర్ నుంచి అక్కడ అర్హులైన పెద్దలు లైసెన్సు లేకుండానే పిస్టల్‌తో తిరగవచ్చు. కానీ నిషేధిత ప్రదేశాల విషయంలో జడ్జిలకు, ప్రాసిక్యూటర్లకు మినహాయింపు కావాలంటే మాత్రం లైసెన్సు ఉండాల్సిందే. జడ్జి నియమించుకుని, వెంట రక్షణగా నడిచే బెయిలిఫ్‌కూ ఆ మినహాయింపు ఉంది.

ఎక్కువ ఆలోచించి గీత గీసింది నార్త్ కరోలినా. అక్కడ లైసెన్సు ఉన్న డిస్ట్రిక్ట్ అటార్నీలు, వాళ్ల సహాయకులు, కోర్టు క్లర్కులు విధుల్లో తుపాకీ పెట్టుకోవచ్చు కానీ కోర్టు గదిలోకి తీసుకురాకూడదు. ఒంటిమీద లేనప్పుడు దాన్ని తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. మద్యం తాగి ఉంటే అనుమతి చెల్లదు. జార్జియాలో జడ్జిలు, ప్రాసిక్యూటర్లతో పాటు సుపీరియర్ కోర్టుల క్లర్కులకూ మినహాయింపు ఉంది. తుపాకుల విషయంలో కఠినంగా ఉండే న్యూయార్క్ కూడా నగరంలోని జడ్జిల కోసం లైసెన్సు చట్టంలో విడిగా ఒక కేటగిరీ పెట్టింది. ఆ రాష్ట్రంలో నగరం దాటి పైకి వెళితే చాలా కౌంటీల్లో తుపాకీ లైసెన్సులు మంజూరు చేసేది కూడా జడ్జిలే!

బెదిరింపులు ఎందుకు పెరిగాయి

ఫెడరల్ జడ్జిల భద్రత చూసేది యూఎస్ మార్షల్స్ సర్వీస్. 2021 ఆర్థిక సంవత్సరంలో వాళ్లు దర్యాప్తు చేసిన తీవ్రమైన బెదిరింపులు 224. 2023 నాటికి అవి 457 అయ్యాయి. రెండేళ్లలో రెట్టింపు దాటింది. పదేళ్లలో జడ్జిలకు వచ్చే శత్రుపూరిత సందేశాలు మూడింతలు మించాయని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ 2024 వార్షిక నివేదికలో రాశారు.

రాజకీయ కేసుల వేడి ఒక కారణం. 2022 జూన్ 8న సుప్రీంకోర్టు న్యాయమూర్తి బ్రెట్ కావనా ఇంటి సమీపంలో ఆయుధాలతో ఒక వ్యక్తి పట్టుబడ్డాడు. గర్భస్రావ హక్కు తీర్పు ముసాయిదా అప్పటికే బయటికి పొక్కి దేశమంతా అట్టుడుకుతోంది. తుపాకీ హక్కును విస్తరించిన బ్రూయెన్ తీర్పు వెలువడింది సరిగ్గా ఆ తర్వాత పదిహేను రోజులకు.

కానీ బెదిరింపును దాడిగా మార్చింది ఎక్కువగా ఇంటి చిరునామా. 2020 జూలై 19, ఆదివారం. న్యూజెర్సీలోని నార్త్ బ్రన్స్‌విక్‌లో ఫెడరల్ జడ్జి ఎస్తర్ సాలస్ ఇంటి గంట మోగింది. కొరియర్ డెలివరీ మనిషిలా వచ్చినవాడు తలుపు తీసిన ఆమె 20 ఏళ్ల కొడుకు డేనియల్ ఆండర్ల్‌ను కాల్చి చంపాడు. భర్త తీవ్రంగా గాయపడ్డారు. ఆ సమయంలో ఆమె కింది గదిలో ఉన్నారు. వచ్చినవాడు అంతకుముందు ఆమె కోర్టులో కేసు వేసిన లాయర్. ఆమె ఎక్కడ ఉంటారో, జీవితం ఎలా గడుస్తుందో వివరాలన్నీ ముందే పోగేసుకున్నాడు. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉండే ఎడిసన్ ఉన్నది కూడా ఆ మిడిల్‌సెక్స్ కౌంటీలోనే కాబట్టి, అక్కడి మనవాళ్లకు ఇది పక్కవీధి వార్త.

ఆ హత్య తర్వాత న్యూజెర్సీ అదే ఏడాది 'డేనియల్ చట్టం' తెచ్చింది. జడ్జిల ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు అడిగితే తొలగించాల్సిన బాధ్యత వెబ్‌సైట్ల మీద పడింది. 2022 డిసెంబర్‌లో ఫెడరల్ స్థాయిలోనూ అతని పేరుతో చట్టం వచ్చింది. 2025లో పలువురు ఫెడరల్ జడ్జిల ఇళ్లకు వాళ్లు ఆర్డర్ చేయని పిజ్జాలు వచ్చాయి. కొన్ని ఆర్డర్లు డేనియల్ ఆండర్ల్ పేరు మీదే ఉన్నాయి. 'నీ ఇల్లు మాకు తెలుసు' అని చెప్పడానికి అంతకంటే క్రూరమైన పద్ధతి లేదు. పిజ్జా పెట్టె పట్టుకుని నిలబడ్డ కుర్రాడి మీద ఏ జడ్జీ తుపాకీ తీయలేరు కదా.

దాడి జరిగే తీరు ఏం చెబుతోంది

తుపాకీ పనికి రావాలంటే ముందు ముప్పు కనబడాలి, దాన్ని ముప్పుగా గుర్తించాలి, ఆ తర్వాత తుపాకీ తీయడానికి సమయం ఉండాలి. సాల్ట్‌లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెనిస్ ట్యూలర్ 1980ల్లో చేసి చూపిన ఒక ప్రయోగాన్ని అక్కడి పోలీసు శిక్షణలో నేటికీ ప్రస్తావిస్తారు. కత్తి పట్టుకుని పరిగెత్తేవాడు 21 అడుగుల దూరాన్ని ఇంచుమించు ఒకటిన్నర సెకన్లలో దాటేస్తాడు. శిక్షణ పొందిన పోలీసు ఒరలోంచి తుపాకీ తీసి గురిపెట్టి కాల్చడానికీ దాదాపు అంతే సమయం పడుతుంది. ఆ పోలీసుది బెల్టుకు బయట వేలాడే తుపాకీ. జడ్జిదైతే కోటు కింద, కొన్నిసార్లు ఆ పైన మెడ నుంచి మోకాళ్ల కిందకు జారే నల్ల గౌను కింద. ఒక చేత్తో గుడ్డ ఎత్తి రెండో చేత్తో పిడి అందుకోవాలి. చేతిలో ఫైళ్ల సంచి ఉంటే ముందు దాన్ని వదలాలి.

గతంలో జరిగిన హత్యలను ఈ కొలతతో చూస్తే సంగతి అర్థమవుతుంది. 1979లో శాన్ ఆంటోనియోలో ఫెడరల్ జడ్జి జాన్ వుడ్‌ను ఇంటి ముందు కారు దగ్గర వెనుక నుంచి రైఫిల్‌తో కాల్చారు. 1988లో న్యూయార్క్ శివారు పెలమ్‌లో జడ్జి రిచర్డ్ డరాంకో ఇంటి తోటపనిలో ఉండగా హత్యకు గురయ్యారు. చంపినవాడు కక్షిదారు కూడా కాదు, ఆయన కొట్టేసిన దావాలోని ఫిర్యాదిదారు తండ్రి. 1989లో అలబామాలో జడ్జి రాబర్ట్ వాన్స్‌ను చంపింది పోస్టులో వచ్చిన బాంబు. ఈ మూడింట్లో ఏ సందర్భంలోనూ నడుముకున్న పిస్టల్ తీసే అవకాశం లేదు.

షికాగో జడ్జి జోన్ లెఫ్కో ఉదంతంలో ఇంకో పాఠం ఉంది. ఆమెను చంపించడానికి కుట్ర చేసిన ఒక శ్వేతజాత్యహంకార నాయకుడు 2004లో దోషిగా తేలాడు. అప్పట్లో ఆమెకు మార్షల్స్ రక్షణ ఇచ్చి, తర్వాత తీసేశారు. 2005 ఫిబ్రవరి 28న ఆమె భర్త, తల్లి ఇంట్లో హత్యకు గురైనప్పుడు అందరి అనుమానం ఆ ముఠా మీదికే పోయింది. కానీ చేసింది వేరే మనిషి. తన వైద్య నిర్లక్ష్యం దావాను ఆమె కొట్టేసిందన్న కక్షతో నేలమాళిగలో దాక్కుని ఆమె కోసం కాచుకుని కూర్చున్నాడు. ముప్పు ఎటు నుంచి వస్తుందనుకున్నారో అటు నుంచి రాలేదు.

2023 అక్టోబర్ 19న మేరీల్యాండ్‌లోని హేగర్స్‌టౌన్‌లో జడ్జి ఆండ్రూ విల్కిన్‌సన్‌ను ఇంటి వాకిట్లో కాల్చి చంపిన వ్యక్తి కూడా ఎవరి జాబితాలోనూ లేడు. విడాకుల కేసులో పిల్లల కస్టడీ భార్యకు దక్కిన రోజే ఆ హత్య జరిగింది. విచారణకు అతను హాజరు కూడా కాలేదు. హంతకుల కేసులు, ముఠాల కేసులు చూసే జడ్జిలకే ప్రమాదమన్న మామూలు అంచనా ఇలాంటిచోట్ల తప్పుతుంది. ఆస్తి, పిల్లలు, పరువు మీద తీర్పు చెప్పే సివిల్, ఫ్యామిలీ కోర్టుల్లో ఓడినవాడికి అప్పటివరకు ఏ నేర చరిత్రా ఉండకపోవచ్చు. పోలీసు రికార్డుల్లో వెతికితే దొరకడు.

అంటే సొంత తుపాకీ అసలు పనికిరాదని కాదు. కోర్టుకు, కారుకు మధ్య నడిచే ఆ కొద్ది గజాల్లో, ఎదురుగా వచ్చే మనిషి విషయంలో అది అక్కరకు రావచ్చు. స్ట్యూబెన్‌విల్‌లో వచ్చింది. చిన్న కౌంటీల్లో జడ్జికి విడిగా పార్కింగ్, వేరే ద్వారం లాంటివి ఉండవు. కక్షిదారులు, సాక్షులు, జడ్జి అందరిదీ అదే దారి. అలాంటిచోట ఆ కొద్ది గజాలు నిజంగానే ప్రమాదకరం.

గోడల లోపల తుపాకీ ఉంటే

కోర్టు భవనం లోపల లెక్క వేరు. అక్కడ మెటల్ డిటెక్టర్ ఉంటుంది, కాబట్టి బయటి తుపాకీ లోపలికి రావడం కష్టం. ఉన్న తుపాకీలన్నీ అనుమతి మీద వచ్చినవే. ఆ తుపాకీలే తిరగబడ్డ సందర్భాలు ఉన్నాయి.

2005 మార్చి 11న అట్లాంటాలోని ఫుల్టన్ కౌంటీ కోర్టులో అత్యాచారం కేసు విచారణకు వచ్చిన నిందితుడు షెరీఫ్ కింద పనిచేసే ఒక మహిళా డిప్యూటీని కొట్టి పడేసి, ఆమె తుపాకీ దాచిన పెట్టె తాళంచెవి లాక్కున్నాడు. ఆ తుపాకీతోనే కోర్టు గదిలోకి వెళ్లి జడ్జి రోలండ్ బార్న్స్‌ను, విచారణను నమోదు చేసే కోర్టు రిపోర్టర్‌ను కాల్చి చంపాడు. బయటికి వస్తూ ఒక డిప్యూటీని, ఆ తర్వాత ఒక ఫెడరల్ ఏజెంటునూ చంపాడు. తుపాకీని తాళం పెట్టెలో దాచడం మంచి నియమమే. తాళంచెవి ఎవరి నడుముకు వేలాడుతోందన్నది కూడా ఆ నియమంలో భాగమని ఆ ఉదయం తెలిసింది.

2024 సెప్టెంబర్ 19న కెంటకీలోని లెచర్ కౌంటీలో జిల్లా జడ్జి కెవిన్ ముల్లిన్స్ తన చాంబర్‌లోనే కాల్పులకు బలయ్యారు. ఆ కేసులో నిందితుడు అదే కౌంటీకి అప్పటి షెరీఫ్. కోర్టుకు రక్షణ కల్పించాల్సిన వ్యవస్థకు అధిపతి.

జడ్జిల చేతిలో తుపాకీ ఉన్నప్పుడు వచ్చే ఇంకో చిక్కు న్యాయ నిష్పక్షపాతానికి సంబంధించింది. న్యూయార్క్ రాష్ట్రంలోని వైట్‌హాల్ అనే చిన్న ఊరి జడ్జి ఒకరు విచారణలో ఉన్న నల్లజాతి నిందితుడి వైపు నిండు తుపాకీ చూపించారు. పైగా తర్వాత ఆ సంగతిని గొప్పగా చెప్పుకున్నారు. జడ్జిల ప్రవర్తనను విచారించే కమిషన్ ఆయన్ను తొలగించాలని తేల్చింది. రాష్ట్ర అత్యున్నత కోర్టు 2023 అక్టోబర్‌లో ఆ నిర్ణయాన్ని సమర్థించింది. 2012లో జార్జియాలో ఒక జడ్జి సాక్షితో వాదిస్తూ, మాట పట్టింపులో తన పిస్టల్ బయటికి తీసి, చివరికి పదవికి రాజీనామా చేయాల్సి వచ్చింది. ఈ రెండిటిలోనూ తుపాకీ పేలలేదు. అయినా కోర్టులో జడ్జి మాటకున్న బరువు ఆయన చేతిలోని ఆయుధం వల్ల వచ్చింది కాదు కాబట్టి, ఆ ఆయుధం బయటపడగానే విచారణ స్వరూపమే మారిపోయింది.

జడ్జి తాను ఎదురు కాల్చిన ఘటన తర్వాత ఏ కేసులు వినవచ్చు, ఏవి పక్క బెంచికి పంపాలి అన్నది కూడా తేలికైన ప్రశ్న కాదు. చట్టాలు తుపాకీ గురించి వివరంగా చెబుతాయి, దీని గురించి పెద్దగా మాట్లాడవు.

బిల్లు ఎవరు కడతారు

అసలు మెలిక డబ్బు దగ్గర ఉంది. దాదాపు 2,700 మంది ఫెడరల్ జడ్జిలకు మార్షల్స్ రక్షణ ఉంది. కోర్టు దాటితే వాళ్లకైనా రోజంతా కాపలా ఉండదు. లెఫ్కో భర్త, తల్లి హత్య తర్వాత అమెరికా చట్టసభ కాంగ్రెస్ సుమారు 1.2 కోట్ల డాలర్లు కేటాయించి జడ్జిల ఇళ్లకు అలారం వ్యవస్థలు పెట్టించింది. రాష్ట్రాల కోర్టుల్లో జడ్జిలు దాదాపు 30 వేల మంది. వాళ్ల భద్రత కౌంటీ బడ్జెట్ మీద, షెరీఫ్ దగ్గరున్న సిబ్బంది మీద ఆధారపడి ఉంటుంది. పైన చెప్పిన స్ట్యూబెన్‌విల్, కాఫ్‌మన్, హేగర్స్‌టౌన్ ఉదంతాలన్నీ ఈ రెండో వర్గానివే.

ఒక డిప్యూటీని అదనంగా నియమించాలంటే ఏటా జీతం కట్టాలి. పార్కింగ్‌కు గోడ కట్టాలంటే టెండరు పిలవాలి. చిరునామాలు తొలగించే చట్టం తెస్తే డేటా కంపెనీలు కోర్టుకెక్కుతాయి. డేనియల్ చట్టం మీద అదే జరుగుతోంది. తుపాకీ అనుమతికి మాత్రం ఒక్క వాక్యం సవరణ చాలు. తుపాకీ, ఒర, తూటాలు, శిక్షణ అన్నీ ఆ అధికారి సొంత ఖర్చు. ప్రభుత్వం మోయాల్సిన భద్రత భారం ఉద్యోగి భుజం మీదికి జారిపోతుంది. ఇలాంటి సవరణలు మిగతా రక్షణ చర్యల కంటే తేలికగా గట్టెక్కడానికి ఇది పెద్ద కారణం.

ఇదే పని ఖర్చు పెట్టి, పద్ధతిగా చేసిన ఉదాహరణలు కోర్టు వ్యవస్థలోనే ఉన్నాయి. ఫెడరల్ ప్రొబేషన్ అధికారులు నేరస్తుల ఇళ్లకు వెళ్లి తనిఖీలు చేస్తారు. వాళ్లకు తుపాకీ కావాలంటే స్థానిక జిల్లా కోర్టు ఒప్పుకోవాలి, కోర్టుల పరిపాలనా కార్యాలయం పెట్టిన నియమాలు పాటించాలి. సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో వాళ్లకు శిక్షణ కేంద్రమే ఉంది. నిజమైన ముప్పు ఉన్న ఫెడరల్ ప్రాసిక్యూటర్లను మార్షల్స్ సర్వీస్ ప్రత్యేక డిప్యూటీలుగా గుర్తించి తుపాకీ పెట్టుకోనిచ్చే ఏర్పాటూ ఉంది. ఇక్కడ అనుమతి పదవిని బట్టి కాదు, ముప్పును బట్టి.

ఉత్తర ఐర్లాండ్‌లోనూ ఇదే సూత్రం. యునైటెడ్ కింగ్‌డమ్‌లో మిగతాచోట్ల ఆత్మరక్షణ కోసం చేతి తుపాకీకి లైసెన్సు ఇవ్వరు. అక్కడ మాత్రం ఉగ్రవాద ముప్పు ఉందని పోలీసులు నిర్ధారించిన జడ్జిలు, అధికారులు, మాజీ పోలీసులకు వ్యక్తిగత రక్షణ ఆయుధం అనుమతిస్తారు. అయితే 1987 ఏప్రిల్‌లో సరిహద్దు దగ్గర లార్డ్ జస్టిస్ మారిస్ గిబ్సన్ దంపతులను ఐఆర్ఏ అనే సాయుధ సంస్థ చంపింది రోడ్డు పక్కన పెట్టిన బాంబుతో. వరుసగా జడ్జిలు, లాయర్లు హత్యకు గురైన ఫిలిప్పీన్స్ 2022లో సుప్రీంకోర్టు కిందే పనిచేసే జ్యుడీషియరీ మార్షల్స్ దళాన్ని చట్టం ద్వారా ఏర్పాటు చేసుకుంది.

మన దగ్గర ప్రశ్న వేరు

మనకు జడ్జి భద్రత అనగానే గుర్తొచ్చేది గన్‌మెన్, సొంత తుపాకీ కాదు. 1959 ఆయుధాల చట్టం కింద జడ్జి అయినా, వ్యాపారి అయినా లైసెన్సుకు దరఖాస్తు చేయాల్సిందే. హైదరాబాద్ లాంటి కమిషనరేట్లలో పోలీస్ కమిషనర్, మిగతాచోట్ల జిల్లా మేజిస్ట్రేట్ దాన్ని పరిశీలిస్తారు. 2019 సవరణతో ఒకరి దగ్గర ఉండగల తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది.

2021 జూలై 28 తెల్లవారుజామున జార్ఖండ్‌లోని ధన్‌బాద్‌లో అదనపు జిల్లా జడ్జి ఉత్తమ్ ఆనంద్ నడకకు వెళ్లారు. ఖాళీ రోడ్డు మీద వెనుక నుంచి వచ్చిన ఆటో పక్కకు తిరిగి ఆయన్ను గుద్ది వెళ్లిపోవడం సీసీ కెమెరాలో రికార్డయింది. ఆయన చనిపోయారు. ఆటోలో ఉన్న ఇద్దరికి మరుసటి ఏడాది యావజ్జీవ శిక్ష పడింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి, తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ ఆధ్వర్యంలోని ధర్మాసనం ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. జడ్జిలు ఫిర్యాదు చేసినా ఐబీ, సీబీఐ స్పందించడం లేదని ఆయన బహిరంగంగానే అసంతృప్తి వ్యక్తం చేశారు. జడ్జిల కోసం ప్రత్యేక జాతీయ దళం విషయం వచ్చినప్పుడు, పోలీసు వ్యవస్థ రాష్ట్రాల పరిధిలోది కాబట్టి అది సరైన మార్గం కాదని కేంద్రం చెప్పింది. 2021 సెప్టెంబర్‌లోనే ఢిల్లీ రోహిణి కోర్టులో లాయర్ల దుస్తుల్లో వచ్చినవాళ్లు విచారణ ఖైదీని కాల్చి చంపారు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు కోర్టు ప్రాంగణాల భద్రతా ప్రణాళిక, సీసీ కెమెరాలపై మార్గదర్శకాలు ఇచ్చింది.

గన్‌మెన్ విధానానికీ దాని ప్రమాదం దానికుంది. 2018 అక్టోబర్‌లో గురుగ్రామ్‌లో ఒక అదనపు సెషన్స్ జడ్జి భార్యను, కొడుకును నడి బజారులో కాల్చి చంపింది ఆ కుటుంబానికి రక్షణగా పెట్టిన కానిస్టేబులే.

తెలుగు రాష్ట్రాల జిల్లా కోర్టుల్లో కనిపించే ముప్పు చాలావరకు తుపాకీ దాకా పోయేది కాదు. 2025 ఫిబ్రవరిలో రంగారెడ్డి జిల్లా కోర్టులో ఒక నిందితుడు జడ్జిపైకి చెప్పు విసిరాడు. అక్కడున్న లాయర్లే అతన్ని పట్టుకుని కొట్టారు. జడ్జికి కనీసం డఫేదారు, గేటు దగ్గర పోలీసు ఉంటారు. ఇల్లు ఖాళీ చేయించే డిక్రీ పట్టుకుని ఊళ్లోకి వెళ్లే అమీనాకు, సమన్లు ఇచ్చే ప్రాసెస్ సర్వర్‌కు అవి కూడా ఉండవు. అమెరికాలో చాలా కౌంటీల్లో ఇల్లు ఖాళీ చేయించే పని తుపాకీ ఉన్న షెరీఫ్ డిప్యూటీలదే. ఇక్కడ అమీనా ముందు ఒకసారి వెళ్లి, అడ్డుకున్నారని కోర్టుకు రిపోర్టు ఇస్తే, పోలీస్ ఎయిడ్ కోసం పిటిషన్ వేస్తారు, దాని మీద వాయిదా పడుతుంది. దెబ్బలు తినే అవకాశం ఎక్కువగా ఉన్నది ఆ మొదటిసారి వెళ్లినప్పుడే.